ముప్పై ఎనిమిది సెకన్లు

ఎర్రగుడిపాడు కంది పరిశోధన కేంద్రంలో ఇరవై ఆరుమంది ఉద్యోగులున్నారు. వాళ్ళలో కంది చేలోకి దిగేవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో వంగి ఆకు తిప్పి చూసేవాడు ఒక్కడే, సహాయ శాస్త్రవేత్త ఓబుళేశు. మిగిలిన ఇరవై ఇద్దరూ ఆ నలుగురు చేలోకి ఎందుకు వెళ్ళారో రాసుకునే పనిలో ఉంటారు.

ఓబుళేశుకు ఒక దురలవాటు ఉంది. పురుగు కనబడితే చాలు, రైతులకు చెప్పేస్తాడు. పద్ధతి ప్రకారమైతే పురుగు కనబడిన సంగతి డైరెక్టరుకు నివేదించాలి, డైరెక్టరు ప్రధాన కార్యాలయానికి నివేదించాలి, అక్కడ ఒక కమిటీ కూర్చుని అది పురుగేనని తేల్చాలి. ఈలోగా ఆ పురుగుకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు రెక్కలొచ్చి పక్క జిల్లాకు వెళ్ళిపోయి ఉంటాయి. ఆ ఆలస్యం భరించలేక అతను ఆరేళ్ళ కిందట కేంద్రం పేరు మీద ఒక బ్లాగు పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. ఎవరికైనా తెలిస్తే కదా వద్దనడానికి.

బ్లాగులో రాసేది ప్రతిసారీ నాలుగు వరుసలే. ఏ పురుగు, ఎట్లా గుర్తుపట్టాలి, ఏ మందు, ట్యాంకు నీళ్ళకు ఎన్ని మూతలు. అంతకంటే రాయడం చేతకాక కాదు. చదివే మనిషి చేను గట్టున నిలబడి ఉంటాడని, వీపున మందు కొట్టే ట్యాంకు ఉంటుందని, ఎండకు ఫోను తెర సరిగ్గా కనబడదని అతనికి తెలుసు. ఎంతమంది చదువుతున్నారో మాత్రం తెలియదు. అప్పుడప్పుడూ ఆఫీసు ఫోను మోగేది. గుట్టకిందపల్లె తిమ్మక్క అనే ఆవిడైతే మందు కొట్టిన రెండో రోజు తప్పకుండా చేసేది. "సామీ, నువ్వు రాసినట్టే కొట్నా. సచ్చినాయి," అని చెప్పి పెట్టేసేది. ఆవిడకు నాలుగెకరాల కంది, వానాధారం. ఆ చేనే ఆవిడకు ఏడాది పొడుగునా తిండీ బట్టా. ఎన్నడూ ముఖం చూడని ఆ మనిషి చెప్పే రెండు ముక్కలతో ఓబుళేశు వారం రోజులు హుషారుగా తిరిగేవాడు.

ఇట్లా అందరూ సుఖంగా ఉండగా, డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు రాజధానిలో 'అంకెల ఆధారిత పాలన' మీద రెండు రోజుల శిక్షణ పొంది వచ్చారు. అక్కడ మెడలో వేసిన పేరు బిళ్ళ మూడో రోజుకు కూడా తియ్యలేదు. వస్తూనే ఉద్యోగులందర్నీ సమావేశపరిచారు.

"కొలతకు రానిది లేనట్టే లెక్క. నిన్నటి దాకా మనకు రైతులు లేరు. రేపటి నుంచి ఉంటారు," అన్నారాయన. "ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే పరికరం ఒకటుంది. నాలుగు ముక్కల కోడు తెచ్చి మన బ్లాగులో అతికిస్తే చాలు. ఎవరొచ్చారు, ఏ ఊరినుంచి వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, ఎప్పుడు వెళ్ళారు, అన్నీ చెబుతుంది."

"మనకు బ్లాగు ఉందా సార్?" అని అడిగాడు సూపరింటెండెంటు మదార్ వలీ. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఉందట. శిక్షణలో వాళ్ళే చెప్పారు. నేనూ ఆశ్చర్యపోయాను."

మామూలుగా ఆ ఆఫీసులో గోడ గడియారానికి బ్యాటరీ మార్చాలన్నా మూడు సంతకాలు కావాలి. ఈ పరికరం ఉచితం గనక మంజూరు అక్కర్లేదు. మంజూరు అక్కర్లేదు గనక ఆలోచించే పనీ లేదు. ఆ మధ్యాహ్నమే పెట్టేశారు. కంప్యూటరు తెలిసినవాడు తనొక్కడే కాబట్టి కోడు అతికించింది కూడా ఓబుళేశే.

మొదట్లో అతను మురిసిపోయాడు, అబద్ధమెందుకు. మూడో రోజు పొద్దున్నే లెక్క తెరిచి చూస్తే రోజుకు నలభై ముగ్గురు చదువుతున్నారు. పటం మీద సన్నటి నీలం చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో పల్లె. వాళ్ళ పేర్లు తప్ప మిగతావన్నీ ఉన్నాయి, ఏ ఫోనో, ఏ వేళో కూడా. ఆరేళ్ళుగా బావిలోకి తొంగిచూసి మాట్లాడుతున్నట్టుండేది అతనికి. ఇప్పుడు బావిలోంచి నలభై ముగ్గురు పలికారు. ఒక్కొక్కరూ సగటున ముప్పై ఎనిమిది సెకన్లు ఉంటున్నారు. నాలుగు వరుసలు చదివి, మూతల లెక్క గుర్తు పెట్టుకుని, ట్యాంకు ఎత్తుకోవడానికి సరిగ్గా అంత సమయమే పడుతుంది. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి.

డైరెక్టరు గారు కూడా అదే అంకె చూశారు. ఆయనకు కళ్ళెర్రబడ్డాయి.

"ముప్పై ఎనిమిది సెకన్లా? వలీ గారూ, మన ఉద్యోగి ఎవరైనా సీట్లో ముప్పై ఎనిమిది సెకన్లు కూర్చుని లేచిపోతే ఏమంటాం?"

"క్యాంపుకు వెళ్ళాడంటాం సార్," అన్నాడు మదార్ వలీ.

"క్రమశిక్షణా రాహిత్యం అంటాం. నూటికి తొంభై ఒక్కమంది ఒక పుట చూసి పారిపోతున్నారు. ఇదేమన్నా ఆఫీసా, బస్టాండా?"

ఆనాటి నుంచి ఆయన పాఠకులను స్వయంగా కాపలా కాయడం మొదలుపెట్టారు. రైతు శిక్షణ హాల్లో పురుగుల బొమ్మలు చూపించే పెద్ద టీవీని ఊడదీయించి తన గది గోడకు బిగించుకున్నారు. ఈ క్షణాన ఎంతమంది చదువుతున్నారో అందులో పెద్ద అంకెలో కనబడుతుంది. మూడు రెండయితే ఆయన గుండె జారేది. రెండు ఒకటయితే గంట కొట్టేవారు. గంట కొట్టినప్పుడల్లా ఓబుళేశు వెళ్ళి నిలబడాలి. ఒకరోజు సాయంత్రం కాగితం కూడా చేతికొచ్చింది.

'ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, నేటి ఉదయం 11 గంటల 42 నిమిషములకు ఒక పాఠకుడు తమ పుటలో ప్రవేశించి, 31 సెకన్ల అనంతరం ఎట్టి కారణమూ తెలుపకుండా నిష్క్రమించినట్లు దృశ్యఫలకముపై గమనించడమైనది. సదరు పాఠకుని నిష్క్రమణకు దారితీసిన పరిస్థితులను వివరించుచు, తమపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను.'

ఓబుళేశు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కలం తీసి, 'చదవడం పూర్తయినందున వెళ్ళిపోయెను' అని రాసిచ్చాడు.

దాని మీద డైరెక్టరు గారు ఎర్రసిరాతో ఇలా రాశారు. 'సమాధానం సంతృప్తికరంగా లేదు. చదవడం పూర్తయ్యేటట్లు రాయుటయే ఇచట మూలదోషము.'

మూలదోషం తెలిశాక నివారణ ఎంతసేపు? మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రతి సలహా తొమ్మిది పుటలు ఉండాలి. మొదటి పుటలో డైరెక్టరు గారి సందేశం, ఫొటోతో సహా. రెండోది కేంద్రం చరిత్ర. మూడోది కేంద్రం లక్ష్యాలు. నాలుగోది లక్ష్యాల వెనకున్న ఆశయాలు. తక్కినవాటిలో కంది పుట్టుక, కంది వైభవం, కందిపప్పుతో పదకొండు వంటకాలు. పురుగూ మందూ తొమ్మిదో పుటలో, అట్టడుగున. ఒక్కో పుట మీదా మూడు నిమిషాలు గడిస్తేగాని తరువాతి పుట తెరుచుకోకూడదు. మధ్యలో సిగ్నలు పోతే మళ్ళీ మొదటి పుట నుంచి మొదలుపెట్టాలి, బడి ఎగ్గొట్టిన పిల్లవాణ్ణి ఆ తరగతిలోనే మళ్ళీ కూర్చోబెట్టినట్టు.

"సార్, వాళ్ళు చేలో నిలబడి చదువుతారు," అన్నాడు ఓబుళేశు.

"కూర్చుని చదవమనండి."

ఆ ఏర్పాట్లన్నీ ఓబుళేశు చేత్తోనే చేయించారు. చెయ్యనంటే ఏమయ్యేదో అతనికి తెలుసు. ఇంకో రెండు సంజాయిషీలు పడితే సముద్రపు ఒడ్డున ఉన్న కొబ్బరి కేంద్రానికి బదిలీ. అక్కడ కంది ఉండదు. తన పురుగులూ తన రైతులూ ఇక్కడే ఉన్నారు గదా, ఉండి ఏదో ఒకటి చెయ్యొచ్చు గదా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళంతా నచ్చజెప్పుకునే మాటే అది.

పది రోజులకు సగటు ఏడు నిమిషాలకు చేరింది. డైరెక్టరు గారు మిఠాయి పంచారు. ఆ మిఠాయి ఓబుళేశు నోట్లో ఉండగానే ఆఫీసు ఫోను మోగింది.

"సామీ, నేను గుట్టకిందపల్లె తిమ్మక్కను. ఏందిది, మందు యాడ రాసినావు? వేలు అరిగిపోతాంది తోసీ తోసీ. ఎవురో కండ్లద్దాలాయన బొమ్మొస్తాది. ఆయప్పను దాటేకే కాకుండా ఉంది. అది దాటుకుంటే మా గుట్ట అడ్డమొచ్చి సిగ్నలు పోతాది. మళ్ళీ ఆయప్పే."

ఓబుళేశు గొంతు తగ్గించి మందు పేరూ మూతల లెక్కా చెప్పాడు. పావు నిమిషం పట్టింది. కానీ డైరెక్టరు గది తలుపు తెరిచే ఉంది.

"ఏమయ్యా ఓబుళేశూ, ఇప్పుడు నువ్వు చెప్పిన సలహా టీవీలో ఎక్కడ కనబడింది?"

"కనబడదు సార్. ఫోన్లో చెప్పాను."

"కనబడని సలహా ఇవ్వనట్టే గదా. పైగా మన పాఠకురాల్ని ఒకదాన్ని చేతులారా తగ్గించావు."

ఆ సాయంత్రానికి ఫోను డైరెక్టరు గారి గదిలోకి మారింది. సలహాలు మౌఖికంగా ఇవ్వడం నిషేధమని నోటీసు బోర్డులో కాగితం అంటించారు.

అయితే సగటు పెరిగింది గానీ జనం తగ్గారు. నలభై మూడు పదిహేడయింది. ప్రధాన కార్యాలయం నెలకొకసారి అడిగేది ఆ అంకె ఒక్కటే. డైరెక్టరు గారు ఒక పూట అన్నం మానేసి ఆలోచించి, పాఠకులు బయటే ఎందుకుండాలి అన్న ప్రశ్న దగ్గరికి వచ్చారు. ఇరవై ఆరుమంది ఉద్యోగులూ రోజుకు ఇరవై నాలుగు సార్లు బ్లాగు చదవాలని ఉత్తర్వు వేశారు. ఒకే మనిషి పదిసార్లు వస్తే పరికరం పాత మనిషి అని గుర్తుపడుతుంది గనక, చదివిన ప్రతిసారీ ఫోనులో గుర్తులు తుడిచేసుకుని కొత్త మనిషిగా రావాలి. నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోసే మునెమ్మ కూడా గొట్టం పక్కన పెట్టి రోజుకు ఇరవై నాలుగు సార్లు కొత్తగా పుట్టేది. కూర్చున్న చోట కదలకుండా చదవాలి గనక చేలోకి దిగే ఆ నలుగురికీ చేలోకి దిగే తీరిక లేకపోయింది. హాజరుపట్టీ మూలకు పడింది. చదివినవాడే వచ్చినట్టు లెక్క.

రోజుకు ఆరువందల చిల్లర పాఠకులు. పటం మీద ఎర్రగుడిపాడు దగ్గర ఒక పెద్ద నీలం గుండ్రం లేచి, చుట్టుపక్కల పల్లెల చుక్కలన్నిటినీ మింగేసింది. ముప్పై ఎనిమిది సెకన్ల నాటి పాత లెక్కలు కేంద్రం ప్రతిష్ఠకు మచ్చ కాబట్టి వాటిని తుడిపించేశారు. ప్రధాన కార్యాలయం నుంచి అభినందన లేఖ వచ్చింది.

ఇక్కడితో ఆగితే ఆయన పరాంకుశం గారు ఎందుకవుతారు? ఆరువందలమంది వస్తున్నారు సరే, ఆరువందలమందీ వెళ్ళిపోతున్నారు గదా. అది ఆయన్ను నిద్రపోనివ్వలేదు. ప్రభుత్వ కార్యాలయంలోకి వచ్చినవాడు చెప్పకుండా ఎట్లా వెళతాడు? కాబట్టి 'పుట నిష్క్రమణ అనుమతి దరఖాస్తు' పుట్టింది. బ్లాగు మూసెయ్యబోతే ఒక పెట్టె తెరుచుకుంటుంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, వెళ్ళుటకు కారణము, తిరిగి ఎప్పుడు వచ్చెదరు. నింపి పంపితే, 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది, అంతవరకు చదువుచుండుడు' అని వస్తుంది. మదార్ వలీ పదిన్నర నుంచి అయిదు వరకూ వాటిని పరిశీలించి మంజూరు చెయ్యాలి.

"ఫోను ఆపేసి పోతే ఏం చేస్తాం సార్?" అని అడిగాడాయన. ముప్పై ఏళ్ళలో ఇది రెండో ప్రశ్న.

"అనధికార గైర్హాజరు కింద చూపించండి."

మదార్ వలీ మొదటి వారం నిజాయితీగానే పనిచేశాడు. ఒక రైతు కారణం దగ్గర 'బర్రె ఈనుతాంది' అని రాస్తే ధ్రువపత్రం జతపరచలేదని తిప్పి పంపాడు.

ఇంత గందరగోళంలోనూ ఒక్క పాఠకుడు మాత్రం డైరెక్టరు గారి మనసు దోచుకున్నాడు. అతను వెళ్ళడు. పగలూ రాత్రీ లేదు, ఆదివారం లేదు, పండగ లేదు. పందొమ్మిది రోజులుగా బ్లాగు వదలకుండా చదువుతూనే ఉన్నాడు. ఊరు ఎర్రగుడిపాడు అని తప్ప పరికరం ఇంకేం చెప్పలేదు. అందరూ ఇళ్ళకు పోయాక టీవీలో ఒంటరిగా వెలిగే ఆ ఒకటి అంకెను చూసి డైరెక్టరు గారు రెండుసార్లు దండం పెట్టారు. రాబోయే శుక్రవారం ప్రధాన కార్యాలయం నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. ఆయన చేతుల మీదుగా ఈ మహానుభావుడికి 'ఉత్తమ పాఠకుడు' సన్మానం చెయ్యాలని, మనిషిని వెతికి తెచ్చే పూచీ మదార్ వలీదని తేల్చారు.

సరిగ్గా ఆ వారమే మబ్బు పట్టింది.

సోమవారం పొద్దున ఓబుళేశు చదువు ఎగ్గొట్టి కేంద్రం చేలోకి దిగాడు. కంది పూత మీద ఉంది. వంగి ఒక రెమ్మ తిప్పి చూసి అట్లాగే ఉండిపోయాడు. మచ్చల పురుగు. గుడ్లు పగిలి సన్నటి పిల్లలు పూల మీద పాకుతున్నాయి. ఈ పురుగు పూతనూ మొగ్గనూ దారంతో కలిపి కుట్టుకుని లోపల గూడు కట్టుకుంటుంది. కట్టక ముందు కొడితే చస్తుంది. కట్టాక ఎంత మందు కొట్టినా లోపలికి దిగదు, కాయ అనేది పట్టదు. ఇట్లాంటి మబ్బులో నాలుగు రోజులు గడువు, అంతే. గురువారం లోపల ప్రతి చేనులోనూ మందు పడాలి.

అతను పరుగున వచ్చి నాలుగు వరుసలు రాసి డైరెక్టరు ముందు పెట్టాడు. "సార్, ఈ ఒక్కసారికి మొదటి పుటలో పెట్టనివ్వండి. నాలుగు రోజులే టైము."

డైరెక్టరు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "నాలుగు వరుసలు. శుక్రవారం పెద్దాయన టీవీ ముందు కూర్చునేసరికి సగటు పడిపోయి ఉండాలంటావు. నేనేం ద్రోహం చేశానయ్యా నీకు? తొమ్మిదో పుటలో పెట్టు. నిజంగా అవసరమున్న రైతు తొమ్మిదో పుట దాకా వస్తాడు."

మంగళవారం పొద్దున ఓబుళేశు తెగించాడు. ఆ నాలుగు వరుసల్నీ డైరెక్టరు ఫొటో తీసేసి దాని స్థానంలో పెట్టాడు. సరిగ్గా గంటసేపు ఉన్నాయవి. ఆ గంటలో పల్లెల నుంచి పదకొండుమంది వచ్చారు, చదివారు, ఫోను ఆపేసి వెళ్ళిపోయారు. వాళ్ళ సగటు ఇరవై రెండు సెకన్లు. టీవీలో గీత నిట్టనిలువునా కిందికి పడింది. గంట మోగింది. ఓబుళేశు వెళ్ళేసరికి రెండో సంజాయిషీ కాగితం టైపయి సిద్ధంగా ఉంది.

"మూడోది ఇదే వారంలో తీసుకుంటావా?" అని అడిగారు డైరెక్టరు గారు.

ఓబుళేశు వెనక్కి తిరిగాడు. వెళ్ళి ఫొటోను యథాస్థానంలో పెట్టి, నాలుగు వరుసల్నీ తొమ్మిదో పుట అడుక్కు చేర్చాడు. అతని చేతులే ఆ పని చేశాయి.

ఆఫీసు వదిలాక స్కూటరేసుకుని ఊళ్ళమ్మట పడ్డాడు. ఏ ఊరికి పోవాలి? మొదట్లో చూసిన చుక్కలు ఏ ఊళ్ళవో తెలుసుకుందామని పటం తెరిస్తే పెద్ద నీలం గుండ్రం తప్ప ఏమీ లేదు. పాత లెక్కలు తుడిచేసింది కూడా తనే. గుర్తున్న మూడు ఊళ్ళకు మంగళ, బుధ వారాల్లో తిరిగి చెప్పాడు. అన్నిటికంటే దూరమైన గుట్టకిందపల్లెకు గురువారం పోదామనుకున్నాడు. గురువారం సన్మాన సభకు ముగ్గు వెయ్యడానికీ కుర్చీలు సర్దడానికీ ఉద్యోగులందర్నీ చీకటి పడేదాకా ఆపేశారు.

ఆ కుర్చీలు తెచ్చేందుకే మదార్ వలీ విత్తనాల గోదాము తాళం తీశాడు. తీసి, రెండు నిమిషాలయ్యాక ఓబుళేశును సైగ చేసి పిలిచాడు.

గోదాములో బస్తాల పక్కన పాత కంప్యూటరు ఒకటి వెలుగుతూ ఉంది. తెర మీద డైరెక్టరు గారి ఫొటో. నిమిషానికోసారి పుట దానంతటదే మొదటికి వస్తోంది. ఇరవై రెండు రోజుల కిందట ఎవరో ఉద్యోగి తన ఇరవై నాలుగు సార్లూ దానికి అప్పజెప్పి తాళం వేసుకుని పోయాడు.

"దొరికినాడు మన ఉత్తమ పాఠకుడు," అన్నాడు మదార్ వలీ. ఆయన మొహంలో నవ్వు లేదు. "రేపు పదకొండు గంటలకు పెద్దాయన వస్తాడు. శాలువా దీనికి కప్పేదా ఓబుళేశూ?"

"నిజం చెప్పండి వలీ సార్."

"నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది నాయనా. నిజం సంగతి ఆ తర్వాత చూద్దాం."

శుక్రవారం పదకొండుకు సభ మొదలైంది. పెద్ద అధికారి వచ్చారు, డైరెక్టరు గదిలో టీవీ మీద రోజుకు ఆరువందల అంకెను చూసి తల పంకించారు. డైరెక్టరు గారు ఉపన్యాసంలో ఉన్నారు. వేదిక మీద ఉత్తమ పాఠకుడి కుర్చీ ఖాళీగా ఉంది. మదార్ వలీ గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

అప్పుడు ఆ గుమ్మంలోకే ఒక ఆడమనిషి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చీర అంచుకు రేగడి మట్టి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కంది కొమ్మ.

"సామీ, బ్లాగు రాసే ఆఫీసు ఇదేనా? నేను రెండు దినాలుగా సదవతానే ఉండా..."

మదార్ వలీ ఆ మాట పూర్తి కానివ్వలేదు. "రెండు దినాలుగానా? రా తల్లీ," అని చెయ్యి పట్టుకుని నేరుగా వేదిక మీదికి తీసుకెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. డైరెక్టరు గారి చెవిలో ఏదో చెప్పాడు. డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది.

"రెండు రోజులు ఆపకుండా చదివారా అమ్మా?"

"యాడ ఆపేది సామీ. సిగ్నలు పోయినప్పుడల్లా మొదటికొస్తాంది. అన్నం గూడా గట్టు మీదనే తిన్యా."

"విన్నారా సార్," అన్నారు డైరెక్టరు గారు పెద్ద అధికారి వైపు తిరిగి. "ఏం చదివారో కొంచెం చెప్పగలరా అమ్మా?"

గుట్టకిందపల్లె నుంచి వచ్చిన ఆ తిమ్మక్క సభ వైపు చూసి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "రైతే రాజు అను మహోన్నత ఆశయంతో, మా కేంద్రం అహర్నిశలు శ్రమించుచు, అన్నదాత కన్నీరు తుడుచుటయే ధ్యేయంగా..." ఒక్క అక్షరం పొల్లుపోలేదు. సందేశం మొత్తం అప్పజెప్పింది. సభ చప్పట్లతో మోగిపోయింది. డైరెక్టరు గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. తన సందేశం కంఠతా వచ్చిన మనిషిని ఆయన జీవితంలో అదే చూడటం. ఆయనకైనా రాదు.

పెద్ద అధికారి లేచి ఆవిడ భుజాల మీద శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. తిమ్మక్క శాలువాను వేళ్ళతో పట్టి చూసింది.

"ఇది ఎందుకు సామీ? నేను అడగొచ్చింది తొమ్మిదో పుట. ఏడో పుట కాడికే పోయినా. అందులో పప్పు చారు సేసేది ఉంది. మందు రాసింది తొమ్మిదో దాంట్లో ఉందని మా పక్కూరోళ్ళు సెప్పినారు. అది ఒకటి ఇస్తే పోతా. మబ్బు ఇడవలా."

చేతిలోని కొమ్మను బల్ల మీద పెట్టింది. ముందు వరసలో కూర్చున్న ఓబుళేశు తనకు తెలియకుండానే లేచి వెళ్ళి ఆ కొమ్మ తీసుకున్నాడు. పూతా మొగ్గా కలిపి కుట్టేసి ఉన్నాయి. గూడు మీద గూడు. చేత్తో విప్పితే లోపల పురుగు లావుగా, తీరుబడిగా తింటోంది.

"కొమ్మలన్నీ ఇట్లే ఉన్నాయా అమ్మా?"

"నాలుగెకరాలూ ఇట్లే."

"నిన్ననే కొట్టాల్సింది," అన్నాడతను. "ఇప్పుడు లోపలికి దిగదు."

తిమ్మక్క అతని మొహంలోకి చూసింది. "ఈ గొంతు నాకు తెల్సు. నాలుగు వరుసలు రాసేటోనివి నువ్వే కదా సామీ," అంది. "ఆరేండ్లు సక్కగా రాస్తివి. ఇంతలోపల నీకేం పుట్టింది?"

ఓబుళేశు తల దించుకున్నాడు. చెప్పడానికి అతని దగ్గర రెండు సంజాయిషీలున్నాయి, కొబ్బరి కేంద్రం ఉంది, నచ్చజెప్పుకున్న మాటలు బోలెడున్నాయి. వాటిలో ఒక్కటీ ఆ నాలుగెకరాలకు పనికొచ్చేది కాదు.

ఆవిడ శాలువా తీసి మడతపెట్టి కొమ్మ పక్కన ఉంచింది. డైరెక్టరు గారు 'ఇటువంటి పాఠకులే మా సంపద' అంటూ మళ్ళీ ఎత్తుకుంటున్నారు. ఆవిడ వేదిక దిగి, కుర్చీల మధ్యనుంచి, ఎవర్నీ అడక్కుండా బయటికి వెళ్ళిపోయింది.

సోమవారం ఓబుళేశు బల్ల మీద మూడో కాగితం ఉంది.

'గత శుక్రవారం జరిగిన సన్మాన సభలో, ఉత్తమ పాఠకురాలు శ్రీమతి తిమ్మక్క, ఉన్నతాధికారి సమక్షమున, నిష్క్రమణ అనుమతి దరఖాస్తు సమర్పించకుండా సభను వీడి వెళ్ళినట్లు గమనించడమైనది. నిష్క్రమణకు ముందు సదరు పాఠకురాలు తమతో సంభాషించినట్లు సాక్ష్యము కలదు. ఆమె వెళ్ళిపోవుటకు కారణము మూడు దినములలోగా తెలియజేయవలెను.'

ఓబుళేశు మూడు రోజులు తీసుకోలేదు. కాగితం తిప్పి, వెనక పక్కన ఒక్క వరుస రాసి పంపించాడు.

'చేను అయిపోయినందున వెళ్ళిపోయినది.'

మధ్యాహ్నానికి కాగితం తిరిగొచ్చింది. దాని కింద ఎర్రసిరాతో డైరెక్టరు గారి దస్తూరీ.

'సమాధానం మరీ క్లుప్తంగా ఉన్నది. తొమ్మిది పుటలకు తగ్గకుండా రాసి తిరిగి సమర్పించవలెను.'